ఒంటిబంతి దగ్గర నిలబడడం

కొత్తగా డ్రిల్లు టీచర్లుగా చేరిన ఆడపిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. వచ్చి కూర్చుని కాఫీ తాగి, అందరూ ఒకటే అడుగుతారు. "మేడమ్, మీ సర్వీసులో ఏయే కప్పులు గెలిచారు?" కప్పుల మాట వదిలెయ్యండమ్మా. వాటిలో ఒకదాన్లో మా మనవరాలు పెన్సిళ్ళు పెట్టుకుంది, ఇంకొకటి వంటింట్లో చింతపండుకి పనికొస్తోంది. ఉద్యోగమంటే నాకు గుర్తొచ్చేది నేలమీద సున్నంతో గీసిన ఒక గీత. ఆ గీత దగ్గర ఆడపిల్లల్ని నిలబెట్టడానికి నేను పడ్డ పాట్లు చెబుతాను, వినండి. మీ ఉద్యోగంలో ఎక్కడో అక్కడ పనికొస్తుంది.

బాస్కెట్‌బాల్ తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. ఎదుటి జట్టు పిల్ల మన పిల్లని తోసినా, బంతి వేస్తుండగా చెయ్యి మీద కొట్టినా రెఫరీ ఈల వేస్తాడు. అప్పుడు ఆట ఆగిపోతుంది. దెబ్బ తిన్న పిల్లే వచ్చి ఆ గీత దగ్గర నిలబడి, ఎవరూ అడ్డు రాకుండా, బుట్టలోకి బంతి వెయ్యాలి. పడితే ఒక పాయింటు. దీన్ని ఫ్రీ త్రో అంటారు. మా పిల్లలు మాత్రం ఒంటిబంతి అనేవారు. ఆ పేరు పెట్టింది నేను కాదు, వాళ్ళే. ఎందుకు పెట్టారో అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది.

ఉద్యోగం, హెడ్మిస్ట్రెస్సు, ఒక చొట్టబంతి

మా నాన్న మిషన్ ఆస్పత్రిలో కాంపౌండరు. నేను మిషన్ హాస్టల్లో చదువుకున్నాను. అక్కడ మాకు ప్రార్థన ఎంతో ఆటా అంతే. సాయంత్రం గంట కొడితే గ్రౌండులో ఉండాల్సిందే, కడుపునొప్పి అన్నా వినేవారు కాదు. అలా బంతి పట్టుకోవడం వచ్చింది. అరవైల చివర్లో నాకు నరసన్నపేట పక్కన ఒక ఆడపిల్లల హైస్కూల్లో ఉద్యోగం దొరికింది. స్కూలు పేరు రాయను. అప్పటివాళ్ళు కొందరు ఇంకా ఉన్నారు, నన్ను చూస్తే మొహం తిప్పుకునేవాళ్ళూ ఉన్నారు.

మా హెడ్మిస్ట్రెస్ రాజ్యలక్ష్మమ్మగారు. తెల్లచీర, మెడదాకా జాకెట్టు, గొంతు విప్పితే వీధి చివరికి వినిపించేది. ఆవిడ చెడ్డమనిషి కాదు. ఆడపిల్లల్ని బడికి పంపమని ఊరూరా తిరిగి తండ్రుల్ని బతిమాలిన మనిషి. కానీ ఆవిడ భయమంతా ఒకటే, పిల్లలు నవ్వులపాలవుతారని. ఒక్క ఇంట్లో నవ్వులపాలైతే పది ఇళ్ళు పిల్లల్ని మానిపిస్తాయి అనేవారు. అదీ నిజమే. ఆవిడతో నేను చాలాసార్లు పోట్లాడాను గానీ, ఆ మాట అబద్ధమని మాత్రం ఎప్పుడూ అనలేకపోయాను.

నేను చేరేసరికి గ్రౌండులో రెండు స్తంభాలు, రెండు చెక్కలు, రెండు రింగులు ఉన్నాయి. ఒక రింగు కాస్త వంగి ఉండేది. ఉన్న ఒక్క బంతి తోలుది, చెప్పు కుట్టినట్టు తాడుతో కుట్టేవాళ్ళం. వాన పడితే సొరకాయలా సాగిపోయేది. దాన్ని ఎండలో పెట్టి, గాలి కొట్టి, మళ్ళీ కుట్టి ఆడేవాళ్ళు. పిల్లలు పరికిణీ పైకి దోపి, వోణీ నడుముకి బిగించి పరిగెడుతుంటే చూడాలి! పొలం గట్ల మీద పుట్టి పెరిగిన పిల్లలు, వాళ్ళకి పరుగు నేర్పడానికి నేనెవర్ని? నేను నేర్పింది రూల్సు మాత్రమే.

ఆ జట్టులో అప్పలనర్సమ్మ అని ఒక పిల్ల ఉండేది. అందరం నర్సి అనేవాళ్ళం. శ్రీముఖలింగం దాటి వంశధార ఒడ్డున ఒక పల్లె వాళ్ళది. వాళ్ళ నాన్న రామినాయుడుగారు, వరి రైతు. ఆ పల్లెలో హైస్కూలు లేదు. రోజూ వచ్చిపోయే దూరం కాదు. మా స్కూలు హాస్టల్లో ఆట ఆడే పిల్లలకని రెండు మూడు సీట్లు విడిగా ఉంచేవారు. అందులో ఒక సీటు నర్సిది. అంటే ఏమిటన్నమాట? ఆట ఉంటే సీటు ఉంటుంది, సీటు ఉంటే చదువు ఉంటుంది. ఆట లేదంటే నర్సి పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్ళిపోవాలి. అక్కడ మేనమామ సిద్ధంగా ఉన్నాడు. ఈ సంగతి జట్టులో అందరికీ తెలుసు, నర్సికి అందరికన్నా బాగా తెలుసు.

విజయనగరం నుంచి తిరిగొచ్చిన బస్సు

మొదటి ఏడాది మేము విజయనగరం వెళ్ళి అక్కడి పిల్లలతో ఆడాం. ఆటంతా సమానంగా నడిచింది. వాళ్ళొకటి వేస్తే మేమొకటి వేశాం. చివర్లో మేం ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. నర్సి బంతి తీసుకుని దూసుకుపోతుంటే తోసేశారు. రెఫరీ ఈల వేశాడు. రెండు ఒంటిబంతులు. ఒకటి పడితే సమానం, రెండూ పడితే గెలుపు.

చుట్టూ జనం. కాలేజీ కుర్రాళ్ళు గోడెక్కి కూర్చున్నారు. నర్సి గీత దగ్గరికి వచ్చింది, బంతి అందుకుంది, తల ఎత్తకుండానే విసిరేసింది. అది చెక్కకి కూడా తగల్లేదు. రెండోది రింగు కింద నుంచి వెళ్ళింది. గోడ మీది కుర్రాళ్ళు విరగబడి నవ్వారు. ఒకడు "అమ్మాయ్, బుట్ట పైన ఉంది!" అని అరిచాడు. మేం ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

తిరుగు బస్సులో అందరూ నర్సినే దెప్పారు. మా కెప్టెను కృష్ణవేణి, కోమట్ల పిల్ల, నోరు చాలా వాడి. "నీవల్లే పోనాది. సూసి ఎయ్యలేవేటే? కళ్ళు నెత్తిమీదున్నాయా?" అంది. నర్సి కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది, ఏడవను కూడా లేదు.

నేను వెనక సీట్లో కూర్చుని ఆటంతా మొదటినుంచీ మనసులో తిప్పుకుంటున్నాను. కృష్ణవేణి మొదటి సగంలో రెండు ఒంటిబంతులు పారేసింది. పైడితల్లి అని ఇంకో పిల్ల, పైడమ్మ అనేవాళ్ళం, బక్కగా పుల్లలా ఉండేది, అదీ రెండు పారేసింది. తక్కినవాళ్ళూ తలా ఒకటి. వాటిలో ఏ రెండు పడినా మేం గెలిచేవాళ్ళం, నర్సి చివర్న ఆ గీత దగ్గరికి రావలసిన పనే ఉండేది కాదు. కానీ అవన్నీ తప్పినప్పుడు జనం ఇంకా చేరుతున్నారు, సెనగలు కొనుక్కుంటున్నారు. ఎవరికీ గుర్తులేదు. చివరి బంతి మాత్రం ఊరంతా చూసింది.

అందుకని చెబుతున్నాను. చివరి బంతి తప్పిన పిల్లని తిట్టకండి. దగ్గరి ఆటలో ప్రతి పాయింటుదీ ఒకే బరువు, ఎప్పుడు పడిందన్నది లెక్కలోకి రాదు. మొదటి పది నిమిషాల్లో పోయిన పాయింటు చివరి నిమిషంలో పోయిన పాయింటు కన్నా చిన్నదేం కాదు. చివరిదాన్ని తిట్టడం సుళువు, ఎందుకంటే అది కళ్ళముందుంటుంది. తిట్టాలని అంతగా నోరు దురదగా ఉంటే జట్టుని మొత్తం వరసగా నిలబెట్టి తిట్టండి, ఆ వరసలో మొదట మీరు నిలబడండి.

ఆ మాటే బస్సులో అన్నాను. కృష్ణవేణి మూతి ముడుచుకుంది. నర్సి మాత్రం ఇటు తిరిగి, "అలగైతే మరి నాను రెండూ పారీసినాను గదా టీచరమ్మా, నా రెండూ కూడా లెక్కే గదా" అంది.

మర్నాడు రాజ్యలక్ష్మమ్మగారు పిలిచారు. "ఏమ్మా, ఓడిపోతే ఓడిపోయారు. మగపిల్లలు గోడలెక్కి నవ్వారట గదా. ఆ నవ్వు ఈ ఊరిదాకా వచ్చింది. ఇంకొక్క ఏడు చూస్తాను. వాళ్ళనే ఈసారి మన గ్రౌండుకి పిలుద్దాం. ఇక్కడ కూడా ఇదే జరిగితే ఆ స్తంభాలు పీకించేస్తాను. లోపల నాలుగు గోడల మధ్య రబ్బరు రింగు విసురుకుని ఆడుకోండి, ఎవరికీ నష్టం లేదు" అన్నారు.

"మరి ఆ హాస్టలు సీట్లు?" అన్నాను.

"ఆటే లేనప్పుడు ఆట సీట్లు ఎక్కడివమ్మా?" అన్నారు. దసరా సెలవులకి కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చిన రామినాయుడుగారితో కూడా ఆ మాట ముఖం మీదే చెప్పేశారు. ఆవిడది దాపరికం లేని నోరు.

చేతిలో ఏ లోపమూ లేదు

మగపిల్లల హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు సత్యంగారని, మంచాయన. ఆయన సలహా అడిగాను. "ఏముందమ్మా, రోజూ పొద్దున్నే వందసార్లు వేయించు, చెయ్యి తిరుగుతుంది" అన్నారు. సరే అని వేయించాను. పొద్దున్నే మంచులో పిల్లలు వరసకట్టి వేసేవారు. నిజంగానే చెయ్యి తిరిగింది. నర్సి అయితే కళ్ళు మూసుకుని కూడా వేసేది. నాకు సంతోషమైంది, ఇంక గెలిచినట్టే అనుకున్నాను.

తరవాత టెక్కలి నుంచి ఒక జట్టు వస్తే ఊరికే సరదాకి ఆడించాం. మళ్ళీ జనం వచ్చారు, మళ్ళీ అదే వరస. పొద్దున్న పదికి తొమ్మిది వేసే పిల్ల సాయంత్రం ఒక్కటీ వెయ్యదు! నాకు ఒళ్ళు మండిపోయింది. "మీకేమైనా దయ్యం పట్టిందా?" అని అరిచాను. అరిస్తే ఏముంది, వాళ్ళు తలవంచుకుని నిలబడ్డారు. అప్పుడు నాకు ఆ తల వంచుకోవడం కనిపించింది.

ఆ ఆదివారం నర్సీ నేనూ మెట్ల మీద కూర్చుని బంతి కుడుతున్నాం. అడిగాను. "నిజం చెప్పవే. గీత దగ్గరికి వెళ్ళేసరికి ఏమవుతుంది నీకు?"

అది సూది ఆపేసింది. "అలగ నిలబడితే అందరూ సూస్తారు గదా టీచరమ్మా."

"పరిగెత్తేటప్పుడు చూడరా?"

"లగెత్తేటప్పుడు ఎవులు సూసినా నాకు తెలీదు. బంతి ఎనకాలే ఉంటాను. ఒంటిబంతికాడ ఆట ఆగిపోద్ది. అందరూ నన్నే సూస్తంటారు. నా కాళ్ళు, నా చేతులు, నా జడ. బేగి ఏసీసి ఎల్లిపోవాలనిపిస్తాది." మళ్ళీ సూది గుచ్చుతూ అంది. "మా అమ్మ సిన్నప్పట్నించి అదే సెప్పేది. తోవలో నిలబడకే, తలొంచుకుని బేగి రాయే అని."

నేను కుట్టు వదిలేసి కూర్చుండిపోయాను. ఎంత సూటిగా చెప్పింది! మన ఊళ్ళలో ఆడపిల్లని నడవమంటాం, పరిగెట్టమంటాం, నీళ్ళు మొయ్యమంటాం, ఊడ్పులకి పొమ్మంటాం. నిలబడమని మాత్రం ఎవరూ అనరు. వీధిలో ఆగిన పిల్లని ఎవరి కోసం ఆగావని అడుగుతారు. ఇటువంటి పిల్లని తీసుకొచ్చి నడి గ్రౌండులో, రెండు వందలమంది ముందు నిలబెట్టి, నింపాదిగా చూసి వెయ్యమంటే ఎలా వేస్తుంది? చేతికి ఏ జబ్బూ లేదు. వంద కాదు, వెయ్యిసార్లు వేయించినా ఆ తొందర పోదు. సత్యంగారి పిల్లలకి ఈ బాధే లేదు. మగపిల్లలు పుట్టిందే వీధి మొగలో నిలబడడానికి గదా!

పుస్తకాల్లో ఇది ఉండదు. నాకు ట్రైనింగు ఇచ్చినవాళ్ళు మోకాలు ఎంత వంచాలో చెప్పారు, మణికట్టు ఎలా తిప్పాలో చెప్పారు. మీకూ అవే చెబుతారు. నేర్చుకోండి, తప్పులేదు. కానీ మీ ముందున్న పిల్ల ఎక్కడ పెరిగిందో, ఇంట్లో దానికి ఏమని చెప్పి పెంచారో కూడా అడగండి.

నిలబడే డ్రిల్లు

మర్నాటినుంచి ఒంటిబంతి వెయ్యడం మానిపించేశాను. ఉత్తినే నిలబడమన్నాను. పొద్దున్న ప్రార్థన అయ్యాక ఒక్కొక్క పిల్ల వేదిక ఎక్కి, బంతి చేత్తో పట్టుకుని, స్కూలు మొత్తం ముందు తలెత్తి నిలబడాలి. ఏమీ చెయ్యక్కర్లేదు. నేను చాలు అనేదాకా దిగకూడదు. మొదటిరోజు పైడమ్మ ఎక్కింది. ఎక్కీ ఎక్కగానే పిల్లలందరూ కిసుక్కుమన్నారు. అది గబుక్కున దిగి పారిపోయి, పంపు వెనకాల నక్కింది. దాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మళ్ళీ ఎక్కించాను. "నవ్వనీయవే. ఎంతసేపు నవ్వుతారో చూద్దాం" అన్నాను. కాసేపటికి నవ్వేవాళ్ళకే విసుగొచ్చింది. నవ్వు దానంతట అదే ఆగిపోయింది. అప్పుడు పైడమ్మ మొహం చూడాలి. ఏదో కొత్త సంగతి కనిపెట్టినట్టు, "ఆపీసినారు టీచరమ్మా!" అంది.

తరవాత స్కూలు గేటు. మగపిల్లల బడి వదిలే వేళకి గేటు పక్కన ఒక్కొక్కరూ నిలబడాలి. తరవాత సంత. మా ఊరి సంతంటే తెలుసుగా, హైవే పొడుగునా బళ్ళు, బియ్యం బస్తాలు, ఎండుచేపలు, అరుపులు. నేను కూరలు కొంటున్నట్టు తిరుగుతాను, ఒక్కో పిల్ల నాలుగురోడ్ల దగ్గర నిలబడి ఉండాలి. నర్సి వంతు వచ్చింది. వంకాయలమ్మే ముసలామె ఎంతసేపో చూసి చూసి ఉండబట్టలేక అడిగేసింది. "ఏటే గుంటా, అలగ నిలబడిపోనావు? ఎవులికోసరమే?"

"ఎవులికోసరం కాదు మామ్మా" అంది నర్సి. "నిలబడ్డాను."

"ఉత్తినే?"

"ఉత్తినే."

ముసలామె నావైపు తిరిగి, "ఈ గుంటకి మతి పోనాదేటమ్మా?" అంది. మిగతా పిల్లలు బస్తాల వెనక నోటికి వోణీ అడ్డంపెట్టుకుని ఒకటే నవ్వు. నర్సి కూడా నవ్వింది గానీ కదల్లేదు. ఆ సాయంత్రం నాకు ధైర్యం వచ్చింది.

ఊరుకుంటారా? సంత వార్త నాకన్నా ముందు స్కూలుకి చేరింది. రాజ్యలక్ష్మమ్మగారు గదిలోకి పిలిచి తలుపు వేశారు. "ఆడపిల్లల్ని సంతలో నిలబెడతావా? నీకేమైనా బుద్ధి ఉందా? ఎవరైనా చూసి ఏమనుకుంటారు?"

"అందరూ చూడాలనే నిలబెట్టానండీ" అన్నాను. కోపంలో అనేశాను గానీ, అన్నాక ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "నేను ఈ ఊరొచ్చిన కొత్తలో, బడికి పిల్లల్ని పంపమని ఆ నాలుగురోడ్ల దగ్గరే నిలబడి చెప్పేదాన్ని. పేడ విసిరారు" అన్నారు. అని కుర్చీలో కూర్చున్నారు. "సంత వద్దు. స్కూల్లో ఏం చేసుకుంటావో చేసుకో. ఆట మాత్రం పోకూడదు." ఆవిడ మీద నాకున్న కోపమంతా ఆ పూటే పోయింది.

తాడు

విజయనగరం జట్టు వచ్చిన రోజు నేను సున్నం గీతలు గీయిస్తున్నాను. ఆటకి ఇంకా చాలా టైముంది. రామినాయుడుగారు అప్పుడే వచ్చేసి, రింగు వెనకాల నిలబడి ఉన్నారు. చేతిలో గుడ్డసంచి, భుజం మీద కొబ్బరితాడు.

"దండాలమ్మా" అన్నారు.

"బేగి వచ్చేశారే నాయుడుగారూ. ఆ తాడెందుకండీ?"

"పెట్టికి. ఆట పోతే గుంటని తీసుకుపోవాల గదా. మళ్ళీ ఇంకోపాలి రానూపోనూ ఎందుకని తెచ్చీసినాను."

నాకు కోపం వచ్చింది. "ఇంకా ఆట మొదలే పెట్టలేదు, అప్పుడే తాడు తెచ్చారా?"

"ఆడనీయమ్మా, ఒద్దన్నానా? తాడు నా బుజం మీదుంటే నీకేటి నొప్పి?" అన్నారాయన, చాలా నెమ్మదిగా.

నర్సి దూరం నుంచి తండ్రినీ తాడునీ చూసింది. వెళ్ళి జడ బిగించుకుంది.

ఆట మొదలైంది. జనం ఇంకా కుదురుకోలేదు. సెనగలవాడు బుట్ట దించుకుంటున్నాడు, హెడ్మిస్ట్రెస్సుగారికి కుర్చీ మోసుకొస్తున్నారు. అంతలోనే పైడమ్మ చెయ్యి మీద దెబ్బ పడింది. రెండు ఒంటిబంతులు. అది గీత దగ్గరికి వచ్చి, తలెత్తి నిలబడింది. బంతిని ఒకసారి నేలకి కొట్టింది. మొదటిది రింగుకి తగిలి పడిపోయింది. రెండోదానికి ఇంకాసేపు నిలబడి వేసింది. పడింది. చప్పట్లు కొట్టిన గుర్తు లేదు నాకు.

"అదేటమ్మా, అందరూ అలగ ఆగిపోనారు?" అని రామినాయుడుగారు అడిగారు. చెప్పాను. "అయితే ఎవులూ అడ్డు రారా?" అన్నారు.

"రారు."

"మరి అందులో కట్టమేటి?"

"అదే కష్టం నాయుడుగారూ" అన్నాను.

ఒక నిజం చెప్పాలి. విజయనగరం పిల్లలు మాకన్నా బాగా ఆడారు. పరుగులో, బంతి అందించుకోవడంలో వాళ్ళదే పైచెయ్యి. మామూలు బుట్టలు మాకన్నా ఎక్కువ వేశారు. కానీ ఒంటిబంతి వచ్చేసరికి తలవంచుకుని, బేగి విసిరేసి వెళ్ళిపోయేవాళ్ళు, అచ్చం కిందటేడు మా పిల్లల్లాగే. వాళ్ళ టీచరు అరుస్తోంది, నాకు జాలేసింది. మా పిల్లలు ఒక్కొక్కరూ వచ్చి, నిలబడి, ఊపిరి తీసుకుని వేశారు. అన్నీ పడలేదు. పడ్డవి పడ్డాయి. కృష్ణవేణి అయితే ఒకసారి మరీ ఎంతసేపో నిలబడిపోయింది, రెఫరీ "ఇంక వెయ్యమ్మా" అన్నాడు.

అలా అలా చివరికి వచ్చేసరికి మేం ఒక్క పాయింటు ముందున్నాం. అప్పుడు నర్సిని తోసేశారు. కిందటేడులాగే, దాదాపు అదే చోట. రెండు పడితే ఇంక భయం లేదు. జనమంతా లేచి నిలబడ్డారు. ఎవడో కుర్రాడు "విజయనగరం గుర్తుందా!" అని అరిచాడు. నవ్వారు.

నర్సి తలెత్తింది. అరిచినవాడి వైపు చూసింది. నవ్వు ఆగేదాకా అలాగే చూస్తూ నిలబడింది. నవ్వు ఆగింది. అప్పుడు నింపాదిగా బంతిని ఒకసారి నేలకి కొట్టింది. వేసింది. బంతి రింగు చుట్టూ తిరిగి తిరిగి బయటికి పడింది. రెండోది కూడా తొందరపడకుండానే వేసింది. అది రింగుకి కొంచెం ముందే కిందికి దిగిపోయింది.

ఆటలో ఇదొక్కటి ఎవరి చేతిలోనూ ఉండదు. అంతా సరిగా చేసినా ఒక్కోసారి బంతి బయటికే పడుతుంది. అందుకే మొదటివి పోగొట్టుకోకూడదు.

వాళ్ళ పిల్ల ఆ బంతి అందుకుని అటు పరిగెత్తింది. నేను కళ్ళు మూసుకున్నాను, దేవుడి పేరు కూడా గుర్తు రాలేదు. చెక్కకి కొట్టిన చప్పుడు వినిపించింది, ఆ వెంటనే ఈల. కళ్ళు తెరిచేసరికి వాళ్ళ పిల్ల మొహం చేతుల్లో దాచుకుని ఉంది. మేం ఒక్క పాయింటుతో గెలిచాం.

పిల్లలు కేకలు పెడుతూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నారు. రాజ్యలక్ష్మమ్మగారు కుర్చీలోంచి లేచి, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకున్నారు. నేను చూశాను. నర్సి మాత్రం ఆ గీత దగ్గరే చతికిలబడి, మోకాళ్ళలో తలపెట్టుకుని ఏడుస్తోంది.

"ఏమిటే, గెలిచాం గదే!" అన్నాను.

"నాను రెండూ పారీసినాను గదా టీచరమ్మా. మళ్ళీ రెండూ పారీసినాను."

రామినాయుడుగారు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, సున్నం గీత దాటి లోపలికి వచ్చారు. కూతురి పక్కన నిలబడ్డారు. నన్ను అడిగారు. "అమ్మా, మొదట్ల ఆ బక్క గుంట ఒకటి ఏసినాది గదా. జనం రాకముందల."

"అవును. పైడమ్మ."

"దానికీ ఇప్పుడు ఇది పారీసినదానికీ లెక్క ఒకటేనా?"

"ఒకటే నాయుడుగారూ. అదే మనల్ని గెలిపించింది."

"మరి ఇదెందుకు ఏడుస్తన్నాది?"

పైడమ్మ పక్కనే నిలబడి వింటోంది. ఆశ్చర్యంగా నావైపు చూసి, "నానెప్పుడేసినాను టీచరమ్మా?" అంది. దానికే గుర్తు లేదు!

నర్సి తల ఎత్తింది. చూపు తండ్రి మొహం మీదికి పోలేదు, భుజం మీది తాడు మీదికి పోయింది. ఆయనా అది గమనించారు. తాడు తీసి, మోచేతికి చుట్టలుగా చుట్టి, గుడ్డసంచిలో అడుక్కి కుక్కేశారు.

"నదికాడికి బస్సు ఉన్నాదా అమ్మా?" అన్నారు. ఉందన్నాను. చెప్పులు వేసుకుని, గేటుదాకా వెళ్ళిపోయారు. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి, గ్రౌండంతా వినిపించేలా కేకేశారు.

"ఒసే నర్సీ! వచ్చేయేడు అయినా కూసింత సూసి ఎయ్యవే. ప్రెతీపాలీ ఆ పైడి ఉండదు!"